చెమర్చిన రాగి బిందె

శంఖవర్తినీ నది అడుగంటా ఎండిపోయిన ఏడాది మాత్రమే పాతరేవు సంత జరుగుతుంది. అటు ఒడ్డు హిరణ్యపురి రాజ్యం. ఇటు ఒడ్డు మాంత్రికుడు కాలజంఘుడి ఏలుబడిలోని మేఘనాడు. నడుమనున్న ఇసుక మాత్రం ఎవరిదీ కాదు. అందుకే రెండు దేశాల్లోనూ చితికిపోయిన ఇళ్ల సామానంతా ఆ ఇసుకలోకి చేరుతుంది.

ఆ ఉదయం ముతక పంచె కట్టి, మొహాన బూడిద పులుముకుని, వీపున గోనె మూటతో హిరణ్యపురి యువరాజు జయంతపాలుడు ఆ ఇసుకలోకి దిగాడు. అతని భార్య సౌగంధిక ఆ సంతలోనే ఉంది. అయితే మనిషి రూపంలో లేదు. ఆమె స్నానం చేసి సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్న వేళ కాలజంఘుడు మంత్రం వేసి, చేతిలోని పాత్రలోనే ఆమెను బంధించి ఎత్తుకుపోయాడు. అది ఏ పాత్రో చూసినవాళ్లు లేరు. తన చేత్తో చంపితే మంత్రం తనకే తిరగబడుతుంది. అందుకని సంతకు పంపాడు. పొద్దు గుంకేసరికి మారకం కాని లోహపు సామానంతా కరిగించి వేయడం పాతరేవు ఆచారం. ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుందో మాంత్రికుడికి పట్టలేదు.

కొండగుహలోని ముని జయంతపాలుడికి గుర్తు చెప్పి పంపాడు. ఖాళీ పాత్రకు చెమట పట్టదనీ, లోపల ప్రాణమున్న పాత్రకు మాత్రం మండుటెండలో కూడా చెమట పడుతుందనీ అన్నాడు. ఆమె దేహం లోహంలో ఉంది, ప్రాణం పైనున్న చిలుములో ఉంది, చిలుము చెక్కు చెదరకుండా పాత్రను తన గుహకు తెమ్మన్నాడు. చివరగా ఒక హెచ్చరిక చేశాడు. సంత ఇసుకలో నిలబడి ఆమె పేరు పలికితే కాలజంఘుడు ఎంత దూరాన ఉన్నా వింటాడు. కాబట్టి ఎవరికీ ఏమీ చెప్పరాదు.

ఎరిగిన అమ్మకందారు వెంట తప్ప కొత్తవాణ్ణి సంతలోకి రానివ్వరు. ఒడ్డు దిగలేక అవస్థ పడుతున్న ఓబుళక్క అనే ముసలామె బరువును జయంతపాలుడు నెత్తికెత్తుకున్నాడు. మా ఇంటి పూజసామాను దొంగలు పట్టుకుపోయారు, వెతుక్కోవడానికి వచ్చానని మాత్రం ఆమెకు చెప్పాడు. అందులో అబద్ధం లేదు. కావలివాళ్లు అడిగితే ఓబుళక్క అతని భుజం తట్టి, "మా చిన్నమ్మి మొగుడప్పా. తిండి ఎక్కువ, మాట తక్కువ," అంది. వాళ్లు నవ్వి దారి ఇచ్చారు.

లోపలికి అడుగుపెట్టి జయంతపాలుడు చుట్టూ చూశాడు.

కనుచూపు మేరా పాత సామానే. మనుషులు లేని ఇళ్లకు తలుపుల్లా, చిలకలూ లతలూ చెక్కిన ద్వారబంధాలు ఇసుకలో వరసగా నిలబడి ఉన్నాయి. బోయీలు లేని పల్లకీలు ఒరిగి పడున్నాయి. ముత్యాలు రాలిపోయిన జల్లులు, తీగలు తెగిన వీణలు, దంతపు పావులు సగమే మిగిలిన చదరంగాలు, రాణుల పెదవుల ఎరుపు ఇంకా అంటి ఉన్న వెండి తమ్మపడిగలు ఎండకు తళతళమంటున్నాయి. ఇత్తడి, కంచు, రాగి పాత్రలైతే గుట్టలు గుట్టలుగా కొండవరసలను తలపిస్తున్నాయి. సంత నడిబొడ్డున అప్పుడే కొలిమి రాజేశారు. దాని పొగ తాడులా నిటారుగా ఆకాశానికి పోతోంది.

ఆ గుట్టల్లో ఏ ఒక్కటో సౌగంధిక.

పాతరేవులో నాణేలు చెల్లవు. పాతదానికి పాతదే మారకం. బేరం నోటితో కాదు, తువ్వాల కింద చేతులు కలిపి వేళ్లు నొక్కి చెయ్యాలి. నొక్కిన ఒక్కో వేలూ ఒక్కో తరం. ఎన్ని తరాలు వాడిన వస్తువో అన్ని తరాల వస్తువు ఎదుట పెట్టాలి. ఎవరైనా సందేహిస్తే ఆ వస్తువు తాలూకు ఇంటి మాట చెప్పాలి. అది ఆ ఇంట్లో ఏం చూసిందో, దాని ఒంటిమీద గుర్తు ఎలా పడిందో, వాడిన మనిషికి తప్ప తెలియని మాట. ఓబుళక్క తన సొట్టపెనాన్ని బయటికి తీస్తూనే, దీని సొట్ట మా అత్త నడుముదని ఎదుటి అంగడామెకు చెప్పి ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. విసిరింది ఎవరో ఆమె చెప్పలేదు.

జయంతపాలుడు వెతకడం మొదలుపెట్టాడు. కొనేవాడిలా వంగి ప్రతి పాత్రనూ అరచేత్తో తడిమాడు. చెంబులు, గిన్నెలు, పంచపాత్రలు, గంగాళాలు. ఎండ ఎక్కేకొద్దీ లోహం కాలుతోంది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఏ పాత్రకూ తడి లేదు. ఒక వరస ముగిస్తే పక్కనే మరో వరస. ఒకచోట అంగడివాడు చెయ్యి పట్టుకుని, తడమడం తప్ప కొనడం చేతకాదా అని దెప్పాడు. ఇంకొకచోట ఆడవాళ్లు, వీడేం మగాడు, వంటసామాను ఇంతలా చూస్తున్నాడని ముసిముసిగా నవ్వారు.

దేవుళ్ల వరస దగ్గర అతని కాళ్లు ఆగాయి. ఎవరెవరి ఇళ్ల పీటల మీదనుంచో దిగివచ్చిన విగ్రహాలు గోనెల మీద బారులు తీరి ఉన్నాయి. మడతల్లో గంధం ఇంకా ఆరలేదు. ఒక చిన్న బాలకృష్ణుడి చేతిలో ఎవరో పెట్టిన వెన్న ఎండి పొరకట్టింది. మొక్కాలా, దాటిపోవాలా అతనికి తెలియలేదు. ఇంటివాళ్లే అమ్మేసిన దేవుడు ఆ ఇంటి మొర ఇంకా వింటాడా? నీళ్లు తాగడానికి వచ్చినప్పుడు ఆ మాటే ఓబుళక్కను అడిగాడు.

ఆమె వక్క నములుతూ ఆలోచించింది. "పిల్లోళ్లు ఆకలని ఏడుస్తాంటే అమ్ముకున్నారు గదప్పా. ఆయనకు మాత్రం తెలీదా? పోతా పోతా ఆ ఇంటికి ఒకపూట కూడు పెట్టి పోయినాడు అనుకుంటా నేను."

జయంతపాలుడు తిరిగి వెళ్లి ఆ బాలకృష్ణుడికి దణ్ణం పెట్టుకున్నాడు. తల ఎత్తేసరికి ఎదురు అంగడిలో, ఎండలో, ఆకుపచ్చని చిలుము దట్టంగా పట్టిన ఒక చిన్న రాగి బిందె కనబడింది. దాని మెడ చుట్టూ సన్నని చెమట బొట్లు. ఒక బొట్టు జారి ఇసుకలో ఇంకిపోయింది.

అంగడి యజమాని బుక్కయ్య బొజ్జ నిమురుకుంటూ గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. బిందె ఎవరికీ మారకం చెయ్యవద్దని కాలజంఘుడు అతనికి గట్టిగా చెప్పి పంపాడు. జయంతపాలుడి ముతక పంచె చూసి బుక్కయ్య నవ్వుకున్నాడు. తువ్వాల కింద చెయ్యి పెట్టి ఐదు వేళ్లు నొక్కాడు. మళ్లీ రెండు నొక్కాడు. ఏడు తరాలు. బిచ్చగాడి దగ్గర ఏడు తరాల వస్తువు ఎక్కడిదని అతని ధీమా.

జయంతపాలుడు మారు మాట్లాడకుండా గోనె మూట విప్పాడు. ఏడు తరాలుగా హిరణ్యపురి సింహాసనాన్ని కాపాడిన ఖడ్గం. పిడి మీద గండభేరుండం కళ్లలో కెంపులు ఎర్రగా వెలిగాయి. ప్రాణం పోయినా చెయ్యి విడవరాదని తండ్రి చెప్పి ఇచ్చిన కత్తిని అతడు బుక్కయ్య ఒళ్లో పెట్టి, బిందెను అందుకున్నాడు. చేతికి చల్లగా తగిలింది. జ్వరం దిగిన మనిషి నుదురులా ఉంది.

ఆశకొద్దీ కత్తి తీసుకున్న బుక్కయ్యకు, గండభేరుండాన్ని చూశాక భయం పట్టుకుంది. అది ఏ ఇంటి గుర్తో అతనికి తెలుసు. క్షణంలో మేఘనాటి భటులకు కబురు పోయింది. జయంతపాలుడు ఓబుళక్క అంగడి చేరేలోపే వెనక ఈలలు వినిపించాయి. బిందెతో పరుగెత్తితే చిలుము రాలుతుంది. దొరికితే ఇద్దరికీ చావే. అతడు బిందెను ఓబుళక్క ఒళ్లో ఉంచాడు.

"అత్తా, ఇది మా ఇంటిది. నేను వచ్చేదాకా చూస్తూ ఉండు," అన్నాడు.

అంతకంటే ఏమీ చెప్పలేడు. ఎవరికీ ఏమీ చెప్పరాదని ముని ఆన.

అక్కణ్ణుంచి అతడు భటులను తన వెంట తిప్పుకున్నాడు. ద్వారబంధాల వరసలో దూరి ఒక తలుపులోంచి మరో తలుపులోకి పోయాడు. వెనకవాళ్లు ఇల్లు లేని గడపలు దాటుతూ ఒకరినొకరు గుద్దుకున్నారు. పల్లకీ మీదనుంచి దూకాడు. యుద్ధభేరుల గుట్ట కూలి, అవి గడగడమంటూ దొర్లాయి. వాటి మోతకు బెదిరి ఒంటెలు తాళ్లు తెంపుకున్నాయి. ఆ గందరగోళంలో, బోర్లించి ఉన్న పెద్ద రాగి కాగు అంచు ఎత్తి కిందికి దూరిపోయాడు.

అక్కడే పట్టుబడ్డంత పనైంది. అలసిపోయిన భటుడొకడు వచ్చి ఆ కాగు మీదనే చతికిలబడ్డాడు. పొగాకు నములుతూ, పరిగెత్తేవాడికి జీతం లేదు, పట్టేవాడికీ జీతం లేదు, ఎవరికోసం ఈ ఎండలో చావడమని తోటివాడితో మొర పెట్టుకున్నాడు. పై ఎండకు కాగు పొయ్యి మీద పెట్టినట్టు వేడెక్కింది. లోపల జయంతపాలుడి వీపు కమిలిపోతోంది. కదిలితే చప్పుడు. ఊపిరి పీలిస్తే నిప్పు. కళ్లు మూసుకుని ఇష్టదైవాన్ని తలుచుకున్నాడు. భటుడు మాత్రం ఇంకో పొగాకు ముక్క నోట్లో వేసుకున్నాడు.

వాడు లేచేసరికి నీడలు పొడుగు సాగాయి.

జయంతపాలుడు తూలుతూ ఓబుళక్క అంగడికి వచ్చాడు. ఆమె తల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉంది. ఒళ్లో బిందె లేదు. అతణ్ణి చూడగానే ముసలామె కళ్లనీళ్లు పెట్టుకుంది. జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పింది. దేవుడి సామాను అన్నాడు గదా, అంత చిలుముతో పీట మీద ఎలా పెడతారని ఆమెకు మనసొప్పలేదట. చింతపండు నానబెట్టి, ఉప్పు వేసి, లోపలా బయటా తోమిందట. బిందె బంగారంలా మెరిసిందట. అల్లుడు చూసి సంతోషపడతాడని ఎదురుగా పెట్టుకుందట. అంతలో సంత పెద్దలు అటు వచ్చి, కొత్త బిందెను పాతసంతలో పెట్టారని మండిపడి, కరిగించడానికి కొలిమికి పట్టుకుపోయారట.

జయంతపాలుడు ఇసుకలో కూలబడ్డాడు. ఆమెనేమని తిడతాడు? ఏ ఇంటి ఇల్లాలైనా అదే చేస్తుంది. సౌగంధిక అయినా అదే చేసి ఉండేది. మంచి మనసుతో చేసిన పనికి ఇంత చెడ్డ ఫలం ఎందుకు రాసిపెట్టాడో ఆ రాసినవాడికే తెలియాలి.

ఒక్క క్షణం తర్వాత అతడు చివాలున తల ఎత్తాడు. "అత్తా, తోమిన నీళ్లు ఏం చేశావు?"

ఓబుళక్క తెల్లబోయి గోనె చాటున ఉన్న మట్టిచట్టిని చూపించింది. ఎండలో నీళ్లు విలువ కనుక, రాత్రికి కాళ్లు కడుక్కుందామని పారబొయ్యకుండా ఉంచింది. కానీ చట్టికి బీట ఉంది. బొట్టు బొట్టుగా కారిపోతోంది. అడుగున మిగిలిన నల్లటి నీళ్లలో పచ్చని చిలుము సుడి తిరుగుతోంది. అతడు వంగి చూశాడు. అందులో అతని మొహం కనబడలేదు. కళ్లు మూసుకున్న సౌగంధిక మొహం కనబడింది. బొట్టు కారినప్పుడల్లా అది మసకబారుతోంది.

కొలిమి వైపునుంచి సమ్మెట చప్పుడు మొదలైంది.

చట్టి ఎత్తితే బీట విచ్చుతుంది. వేరే పాత్రలో పోయడానికి అంతా లోహమే, లోహం అంటితే ప్రాణం దాన్ని పట్టుకుంటుందేమోనని భయం. జయంతపాలుడు మరి ఆలోచించలేదు. మోకాళ్ల మీద కూర్చుని చట్టి అంచుకు నోరు పెట్టి, ఆ నీళ్లు చివరి బొట్టు దాకా తాగేశాడు. ఓబుళక్క, అది విషమప్పా, రాగి చిలుమప్పా అంటూ అతని జుట్టు పట్టి లాగింది. పులుపూ చేదూ గొంతు కోసుకుంటూ దిగాయి. కడుపులో నిప్పు రాజుకుంది. అతడు లేచి కొలిమి వైపు పరుగెత్తాడు.

సూర్యుడు ఇసుకతిన్నె అంచు మీద కూర్చున్నాడు. కొలిమి చుట్టూ జనం. మూసలో అప్పటికే కరిగిన కంచు ఎర్రగా కదులుతోంది. కొలిమి పెద్ద నాగలింగం సొట్టలుపోయిన గంగాళాన్ని నలగ్గొట్టి మూసలో వేశాడు. తర్వాత దాగలి దిమ్మ మీద పెట్టింది మెరిసే చిన్న బిందె. సమ్మెట పైకి లేచింది. జయంతపాలుడు జనాన్ని తోసుకుని వెళ్లి, బిందెకూ సమ్మెటకూ మధ్య తన చెయ్యి అడ్డం పెట్టాడు.

నాగలింగం కోప్పడలేదు. అతడు ధర్మం తప్పని మనిషి. సమ్మెట దించకుండానే, "మీ ఇంటిదా?" అని అడిగాడు.

"మా ఇంటిదే. పూజబిందె."

"అయితే ఇంటి మాట చెప్పు. గుర్తు ఎక్కడుంది? ఎట్లా పడింది?"

జయంతపాలుడు బిందె వైపు చూశాడు. పెళ్లైన నాటినుంచి ప్రతి ఉదయం ఆ బిందె నీళ్లే తీర్థంగా పుచ్చుకున్నాడు. ఆ పాత్రను మాత్రం ఏనాడూ చేత్తో తీసుకుని చూడలేదు. దాని మెడ ఎలా ఉంటుందో, అడుగు ఎలా ఉంటుందో, ఎక్కడ సొట్ట పడిందో అతనికి తెలియదు. రాజ్యంలో ప్రతి కోట గోడ ఎత్తూ చెప్పగలడు. సొంత ఇంటి బిందె గురించి ఒక్క మాట చెప్పలేకపోయాడు.

జనం గొణిగారు. నాగలింగం తల అడ్డంగా ఆడించాడు. సూర్యుడు సగం మునిగాడు. సమ్మెట మళ్లీ లేచింది.

అప్పుడు జయంతపాలుడి గొంతులోంచి ఆడగొంతు వినిపించింది.

"మెడ లోపల గీత ఉంటుంది, పెద్దయ్యా. వేలు పెట్టి చూడండి."

చుట్టూ ఉన్నవాళ్లు నాలుగడుగులు వెనక్కి వేశారు. జయంతపాలుడి పెదవులు అతని ప్రమేయం లేకుండా కదులుతున్నాయి. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"పెళ్లినాడు ఈ బిందెలోనే ఉంగరం వేసి మా ఇద్దరినీ తియ్యమన్నారు. ముందు నాకే దొరికింది. అందరి ఎదుటా ఈయన ఓడిపోతే చిన్నబుచ్చుకుంటారని నీళ్లలోనే ఈయన చేతిలో పెట్టేశాను. అప్పుడు ఉంగరం గీసుకున్న గీత అది. ఆ సంగతి ఈయనకు కూడా తెలియదు."

జయంతపాలుడికి నిజంగా తెలియదు. ఆ రోజు గెలిచానని అతడు స్నేహితులకు పదిసార్లు చెప్పుకున్నాడు.

నాగలింగం సమ్మెట కింద పెట్టాడు. బిందె మెడలోకి వేలు దూర్చి తడిమాడు. అతని మొహం మారింది. రెండు చేతులా బిందెను ఎత్తి కళ్లకద్దుకుని, "ఎవరి తల్లివమ్మా నువ్వు? పేరు చెప్పి తీసుకుపో. పేరు లేకుండా సొమ్ము ఇవ్వడం మా ఆచారంలో లేదు," అన్నాడు.

వద్దని జయంతపాలుడు పళ్లు బిగించాడు. చేత్తో నోరు మూసుకున్నాడు. ముని హెచ్చరిక అతనికే తెలుసు, ఆమెకు తెలియదు. కడుపులోని మంట పైకి ఎగసి వేళ్ల సందుల్లోంచి మాటై వచ్చింది.

"సౌగంధిక."

నాగలింగం బిందెను అతని చేతుల్లో పెట్టాడు. ఆ క్షణంలోనే సూర్యుడు పూర్తిగా మునిగాడు. మేఘనాటి ఒడ్డున నక్కలు ఒక్కసారిగా ఊళలు ఆపేశాయి. గాలి లేకుండానే సంతలోని పాత గంటలన్నీ వాటంతట అవే మోగసాగాయి. జనం విడిపోయి దారి ఇచ్చిన చోట, నల్లని కంబళి కప్పుకున్న ఆజానుబాహుడు, కాలజంఘుడు, నడిచి వస్తున్నాడు. అతని వెనక బుక్కయ్య వణుకుతూ నడుస్తున్నాడు. ముందువాడి చేతిలో ఉన్నది గండభేరుండం పిడి ఉన్న ఖడ్గం. జయంతపాలుడి తాత ముత్తాతలు కాలజంఘుడి వంశాన్ని నరికిన ఖడ్గం.

జయంతపాలుడు బిందెను గుండెకు హత్తుకుని వెనక్కి అడుగులు వేశాడు. వెనక కొలిమి, ముందు కత్తి. చేతుల్లోని బిందె పొడిగా, బరువుగా, మామూలు బిందెలా ఉంది. చెమట పడుతున్నది దానికి కాదు, అతని చేతికి. లోపల ప్రాణమున్న పాత్ర ఇప్పుడు అతడే. మూస వెలుగులో అతడు తన చెయ్యి చూసుకున్నాడు. గోళ్ల అంచులనుంచి వేళ్ల కణుపుల మీదికి ఆకుపచ్చని చిలుము మెల్లగా పాకి వస్తోంది.

"నాకు ఊపిరాడుతోంది," అంది అతని గొంతులో సౌగంధిక. "మీకు ఆడుతోందా?"

అతడు బదులు చెప్పాలనుకున్నాడు. తన గొంతు తనకు దొరకలేదు.